మార్పుకు కారణం

పెళ్ళి సెలవు ముగిసి పనిలో చేరిన ఉదయం కంప్యూటర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, నా పేరు ఎందుకు మారిందని.

టామ్సిన్ పాస్కో అన్నది తీసేసి టామ్సిన్ రిడోక్ అని కొట్టాను. కింద ఎర్ర అంచుతో ఒక గడి తెరుచుకుంది: "మార్పుకు కారణం". చుట్టూ చూసి, ఎవరూ గమనించడం లేదని తేల్చుకుని, "ప్రేమ" అని రాసి పంపేశాను. పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. మా ఇంజనీరింగ్ విభాగం పెద్ద బ్రోన్విన్ తిప్పి పంపింది. పక్కన ఆమె రాసిన మాట: "రుజువు లేని కారణం. మళ్ళీ రాయి." ఈసారి "పెళ్ళి" అని రాశాను. ఆమోదం వచ్చింది. ఆ రోజంతా నా కొత్త పేరు తెర మీద మూలన మెరుస్తుంటే పని మానేసి చూస్తూ కూర్చున్నాను. నా భర్త హేమిష్ కట్టిచ్చిన శాండ్‌విచ్‌ని మూడు ముక్కలుగా ఎందుకు కోశాడో కూడా చాలాసేపు ఆలోచించాను.

మా ఫ్యాక్టరీ ముర్రే బ్రిడ్జ్ అనే ఊళ్ళో, నదికి దగ్గరగా ఉంది. గోధుమ, బార్లీ రైతులకు విత్తే గొర్రులు చేస్తాం. ట్రాక్టర్ వెనక పద్దెనిమిది మీటర్ల వెడల్పున రెక్కలు చాపుకుని నడిచే గొర్రులు. ఒక్కోదానికి నాలుగు వేల పైచిలుకు భాగాలు. ఆ భాగాల డ్రాయింగులు అప్పటిదాకా మూడు చోట్ల ఉండేవి: ఇనప సొరుగుల్లో కొన్ని, అందరి కంప్యూటర్లలో తలా కొన్ని, మిగిలినవన్నీ డెస్ కోవాల్డ్ తలలో.

డెస్ నలభై ఒక్క ఏళ్ళుగా అక్కడ డ్రాయింగులు గీస్తున్నాడు. ఏ బోల్టు ఏ సంవత్సరం మారింది, ఏ పాత గొర్రుకి ఏ కొత్త భాగం సరిపోతుంది, అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళం. అంతకు ముందు ఏడాది ఆయన వారం రోజులు చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడు, కోత విభాగం వాళ్ళు పాత డ్రాయింగు చూసి నలభై బిగింపు ప్లేట్లు కోసేశారు. రంధ్రాలు వేలెడు పక్కకి పడ్డాయి. ఆ తర్వాత బ్రోన్విన్ మా ఆరుగురికీ తలా ఒక నీలం చుక్కల కాగితం ఇచ్చింది. డ్రాయింగు గురించి అడగడానికి కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ, ఎవర్ని అడిగామో వాళ్ళ టేబుల్ మీద ఒక చుక్క అంటించాలి.

శుక్రవారానికి డెస్ టేబుల్ చెక్క కనిపించలేదు.

"నా టేబుల్‌కి ఆటలమ్మ పోసింది," అన్నాడు డెస్.

"నవ్వకు డెస్," అంది బ్రోన్విన్. "లెక్కేశాను. ఆరుగురిలో ఇద్దరి పని మొత్తం వెతుక్కోవడానికే పోతోంది."

"మరి నా పని?"

"నువ్వు అసలు పని చేసి మూడేళ్ళయింది. జవాబులు చెప్తున్నావంతే."

అలా వచ్చింది పి.ఎల్.ఎం. సాఫ్ట్‌వేర్. ఒక భాగం ఊహలో పుట్టిన దగ్గర్నుంచి, గీయడం, చేయడం, మార్చడం, చివరికి ఇక చేయకుండా ఆపేయడం దాకా దాని బతుకంతా ఒకే చోట ఉంటుంది. తాజా డ్రాయింగు ఒక్కటే కోతకి వెళ్తుంది. దేన్ని మార్చినా కారణం రాయాలి, ఇంకొకరు ఆమోదించాలి. బ్రోన్విన్ గోడ మీద పెద్ద ప్రణాళిక కాగితం అంటించింది. నాలుగో శుక్రవారం డెస్ పదవీ విరమణ. ఆ తర్వాతి సోమవారం అందరూ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి. ఆలోపు నా పని, నాలుగు వందల పన్నెండు పాత డ్రాయింగుల్లో ప్రతి మార్పుకూ కారణం నింపడం. పాత కాగితాల మీద తేదీ, డి.కె. అన్న పొడి అక్షరాలు తప్ప కారణాలు లేవు.

"డెస్ పక్కన కూర్చో. ఆయన చెప్తాడు, నువ్వు కొట్టు," అంది బ్రోన్విన్. "తెలియదు, గుర్తులేదు లాంటివి రాయొద్దు. ఒకసారి అలవాటైతే రేపు అందరూ అదే రాస్తారు."

నాకు ఆ పని ఎంత నచ్చిందో చెప్పలేను. రోజూ పదింటికి టీ విరామం అయ్యాక ఇద్దరం కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళం. బయట వ్యాటిల్ చెట్టు పచ్చగా పూసి కిటికీ అద్దానికి రాసుకుంటూ ఉండేది. డెస్ కాగితం మీద బొటనవేలు పెట్టి కథలా చెప్పేవాడు.

"సి మార్పులో ఈ కర్రు మూల గుండ్రం చేశాం. ఎందుకంటావా? పిన్నరూ నేలలో రాళ్ళు పిల్లా, రాళ్ళు. కొసగా ఉంటే వారానికి ఒకటి విరిగేది. కొట్టు, కొట్టు. 'రాళ్ళు' అని మాత్రమే కొట్టకు, నన్ను పిచ్చోడనుకుంటారు."

"'రాతినేలలో కొస విరగకుండా' అని రాస్తున్నా."

"చూశావా, అందుకే నిన్ను కాలేజీకి పంపారు. మీ ఆయన ఇవాళ కూడా ముక్కలు మూడే కోశాడా?"

"మూడే."

"నాలుగైన రోజున చెప్పు. కొత్త మోజు పోయిందని అర్థం."

రెండో వారం మధ్యలో, విత్తనం గొట్టాన్ని పట్టి ఉంచే ఇనప కాలు డ్రాయింగు తీశాం. డెస్ దాన్ని చాలాసేపు చూశాడు.

"హెచ్ దాకా మామూలే పిల్లా. ఐ లో ఈ రంధ్రం కిందికి దించాం. లమీరూలో ఒక రైతుండేవాడు, వాడికో మూడు కాళ్ళ కుక్క. ఎర్రనేల. తడిసిందంటే జిగురు. గొట్టం మూసుకుపోయేదని ఫోన్ చేసి, ఫోన్‌లోనే కుక్కని తిట్టేవాడు."

నేను నవ్వుతూనే ఐ అక్షరం కొట్టాను. తెర ఎర్రబడింది: అలాంటి మార్పు లేదు.

"డెస్, ఐ ఎక్కడిది?" అని ఇంకా నవ్వుతున్నాను.

మా గీతల పనిలో మార్పులకి ఎ, బి, సి అని వరసగా అక్షరాలు ఇస్తాం. ఐ మాత్రం వాడం, ఓ కూడా వాడం. కాగితం మీద ఐ ఒకటంకెలా, ఓ సున్నాలా కనబడి కొంప ముంచుతాయి. హెచ్ అయ్యాక జె. నేను చేరిన మొదటి రోజున ఈ సంగతి చెప్పింది డెసే. "ఈ ఆఫీసులో ఐ, ఓ లేవు. ప్రేమలేఖల్లో రాసుకో," అన్నాడు. నలభై ఏళ్ళు గీసిన చేతికి హెచ్ తర్వాత జె తప్ప ఇంకోటి రాదు.

డెస్ నా నవ్వు ఆగేదాకా చూశాడు. ఆ చూపులో ఏదో వెతుక్కుంటున్నట్టుంది.

"జె. జె అన్నాను," అన్నాడు. "నీ ఉంగరం చప్పుడుకి నీకే సరిగ్గా వినబడదు."

జె అని కొట్టాను. కాని ఆ మూడు కాళ్ళ కుక్కని అంతకు ముందు ఎక్కడో విన్నాను.

మధ్యాహ్నం భోజనానికి అందరూ వెళ్ళాక, సాఫ్ట్‌వేర్‌లో "లమీరూ" అని కొట్టి వెతికాను. పాత పద్ధతిలో అయితే ఆ సొరుగులన్నీ తిరగేయడానికి ఒక రోజు పట్టేది. రెప్పపాటులో జవాబు వచ్చింది. నేను నింపిన గడుల్లో పంతొమ్మిదింటిలో లమీరూ ఉంది. గొట్టాలకీ అదే రైతు, చక్రాలకీ అదే రైతు, గొర్రు రెక్కలు మడిచే కీలుకీ అదే ఎర్రనేల. రోజూ విడివిడిగా వింటే కథలు. ఒకదాని కింద ఒకటి చదివితే ఒకటే కథ.

వెనక ఆవరణలో, రైతుల దగ్గర్నుంచి తిరిగొచ్చిన విరిగిన ముక్కల్ని సంవత్సరం రంగుతో రాసి వేలాడదీసిన గోడ ఉంది. కొలత సాధనం తీసుకుని వెళ్ళాను. చక్రం పట్టీ డి లో దళసరి చేశామన్నాడు డెస్. గోడ మీద రెండూ ఉన్నాయి, మార్పుకు ముందుదీ తర్వాతదీ. డి లో పలచన చేశారు. రెండుసార్లు కొలిచాను. కిందపడితే కొలత మారుతుందేమోనన్నంత జాగ్రత్తగా దాన్ని మళ్ళీ మేకుకి తగిలించాను.

తిరిగొచ్చేసరికి నికోస్ ఈల వేస్తున్నాడు. మా ఆరుగురిలో వచ్చే ఏడాది గొర్రు బరువు తగ్గించే పని అతనిది.

"టామ్సిన్, నువ్వు బంగారం. ట్రాక్టర్‌కి తగిలించే లాగుడు కమ్మీ ఉంది కదా, దాని ప్లేటు పది నుంచి పన్నెండు మిల్లీమీటర్లు ఎందుకు చేశారో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు నీ గడిలో ఉంది. రైలు వ్యాగన్ మీదకి ఎక్కించేటప్పుడు వంగకుండా అట. ఇప్పుడు రైల్లో ఎవడు పంపుతున్నాడు? మళ్ళీ పది చేసేస్తా. ముప్పై కిలోలు తగ్గిపోతాయి!"

ఆ కారణం నేనే కొట్టాను, గురువారం నాడు, డెస్ చెప్తుంటే. నిజం కావచ్చు. కాకపోతే, రహదారి మీద వేగంగా వెళ్ళే ట్రాక్టర్ వెనక ఆ కమ్మీ విరిగితే, ఎదురుగా వచ్చే కారులో ఎవరుంటారో తెలియదు.

"ఇంకా పంపకు నికోస్. నేను మళ్ళీ చూడాలి."

"ఆమోదం అయింది కదా?"

"అయినా సరే."

సాయంత్రం నాలుగున్నరకి డెస్ భార్య నోలీన్ కారులో వస్తుంది. ఈస్టర్ నుంచి డెస్ బండి నడపడం లేదు, కళ్ళు బాగాలేవని చెప్పాడు. ఆ రోజు నేను ముందుగా బయటికి వెళ్ళి ఆవిడ కారు అద్దం దగ్గర నిలబడ్డాను. నమస్కారాలు, పెళ్ళి ముచ్చట్లు అయ్యాయి. అయినా అక్కడే నిలబడ్డాను.

"ఎన్ని?" అని అడిగింది నోలీన్.

"ఏమిటి?"

"తప్పులమ్మా. దానికే కదా ఇలా నిలబడ్డావు."

"పంతొమ్మిది కచ్చితంగా. మిగతావి తెలీదు."

ఆవిడ స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచింది. "ఇంట్లో ప్రతి సొరుగు మీదా చీటీ అంటించాను. చెంచాలు, మందులు, బనియన్లు. ఇది నీ పి.ఎల్.ఎం. అని వెక్కిరిస్తాడు. డాక్టర్ ఏం చెప్పిందో ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనం. ఆ శుక్రవారం దాకా లాగిస్తే చాలనుకున్నాం. నలుగురి ముందు నిలబడి, చెయ్యి కలిపి, కేకు కోసి వస్తే చాలని. ఇంకా పదమూడు పనిరోజులే."

"లాగుడు కమ్మీ ఒకటుంది నోలీన్. అది తప్పైతే..."

"నాకు చెప్పకమ్మా. నాకు చెప్తే నేను వద్దంటాను."

డెస్ టోపీ సర్దుకుంటూ వచ్చాడు. నన్ను చూసి, "ఏంటి, పెళ్ళికూతురికి అప్పుడే సలహాలు కావలసి వచ్చాయా?" అన్నాడు. నోలీన్ నవ్వి, ఆయన వైపు తలుపు లోపల్నుంచి తెరిచింది. సీటు బెల్టు ఆయన చేతికి అందించింది. ఇంటికి వెళ్తూ దారంతా ఆ బెల్టే గుర్తొచ్చింది. హేమిష్ తలుపు తీసి ఎత్తుకుంటానని గొడవ చేస్తుంటే, అతని మెడ పట్టుకుని ఊరికే ఉండిపోయాను. కళ్ళు తడిగా ఉన్నాయేమని అడిగాడు. ఉల్లిపాయ వాసన అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం డెస్‌ని నది దగ్గర బెంచీకి రమ్మన్నాను. నీళ్ళ మీద పెలికన్ పక్షులు ఉన్నాయి. ఆయన ఫ్రిట్జ్ మాంసం, టమాటా సాసు పెట్టిన రొట్టె పొట్లం విప్పాడు. నేను కాగితం తీసి ఆయన మోకాలి మీద పెట్టాను. పంతొమ్మిది గడులు, వరసగా.

చదివాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"పెళ్ళై నెల కాలేదు, నాకు పరీక్ష పెడుతున్నావే," అన్నాడు. గొంతు గట్టిగా ఉంది. "నువ్వు పుట్టకముందు గీసినవి ఇవి. నీ సాఫ్ట్‌వేర్ పుట్టకముందు. ఎవర్నడిగి వెతికావు?"

"ఎవర్నీ అడగలేదు. బ్రోన్విన్‌కి ఇంకా చెప్పలేదు."

"చెప్పు, పో. చెప్పి ఇంకో చుక్క అంటించమను."

నేను లేవలేదు. ఒక పెలికన్ రొట్టె కోసం దగ్గరికొచ్చి నిలబడింది. డెస్ దానికి ఒక ముక్క విసిరాడు. ఆ తర్వాత మాట్లాడిన గొంతు వేరు.

"ఆ గడి ఖాళీగా ఉంటే ఊరుకోదు పిల్లా. ఎర్రగా అక్కడే నిలబడుతుంది. నువ్వేమో వేళ్ళు పైకెత్తి చూస్తుంటావు, నా నోట్లోంచి ముత్యాలు రాలతాయన్నట్టు. గోడ దగ్గరికి వెళ్ళినట్టుంటుంది. తలుపు ఉండాలి కదా, ఎప్పుడూ ఉండేది కదా అని తడుముతాను. గోడే. అప్పుడు ఆ కుక్క వస్తుంది. ఆ కుక్క మాత్రం ఎప్పుడు పిలిచినా వస్తుంది."

"అది నిజమైన కుక్కేనా?"

"అయ్యో, నిజమే. గొర్రు మాత్రం ఏదో తెలీదు."

ఇద్దరం నవ్వాం. ఆయన కాగితాన్ని అంచులు కలిపి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు. "నేను చెప్తాను."

మరుసటి ఉదయం, అందరం ప్రణాళిక కాగితం ముందు నిలబడి రోజు పని పంచుకునే వేళ, డెస్ చెయ్యి ఎత్తాడు. నలభై ఏళ్ళలో ఆయన చెయ్యెత్తి మాట్లాడటం ఎవరూ చూసి ఉండరు.

"నేను చెప్పిన కారణాల్లో కొన్ని కల్పితం," అన్నాడు. "కావాలని కాదు. ఏవి కల్పితమో, ఏవి కావో నాకూ తెలియదు. డాక్టర్ కాగితం నోలీన్ దగ్గరుంది, కావాలంటే తెస్తుంది. లాగుడు కమ్మీ మీద ఎవరూ చెయ్యి వేయకండి. అంతే."

నికోస్ అన్నాడు: "డెస్, నువ్వు కల్పించినవి కూడా నా డిగ్రీ కంటే నయం."

"నీ డిగ్రీకి ఒక కుక్క ఉంటే బాగుండేది," అన్నాడు డెస్.

బ్రోన్విన్ నవ్వలేదు. గోడ మీంచి ప్రణాళిక తీసి టేబుల్ మీద పరిచి, ఎర్ర పెన్ను తీసింది. ఆయన్ని ఇంటికి పంపేస్తుందని నాకు భయం వేసింది. ఆమె అరగంట రాసింది. ఆ రోజు నుంచి ఆరుగురం పూటకి రెండు గంటలు ఇవ్వాలి. ప్రతి కారణానికీ ఒక సాక్ష్యం కావాలి: రైతు రాసిన ఉత్తరమో, కోత విభాగం పుస్తకమో, గోడ మీద ముక్కో. సాక్ష్యం ఉంటే ఉంచాలి. లేకపోతే తీసేయాలి.

"తీసేస్తే గడి ఖాళీ అవుతుంది. అది ఊరుకోదు," అన్నాను.

బ్రోన్విన్ పెన్ను మూత పెట్టింది. "అప్పుడు గుర్తులేదని రాయండి. నేను వద్దన్నది తప్పు. అలా అనకపోతే, డెస్, నిన్ను ఇలా నిలబెట్టేదాన్ని కాదు."

"రాసినదాని కింద నా పేరే ఉండాలి," అన్నాడు డెస్. "వేరేవాళ్ళు మర్చిపోయారనుకుంటారు."

మిగిలిన ఆ పదకొండు పనిరోజులూ మా విభాగం అంతకు ముందెప్పుడూ అంత బాగా పని చేయలేదు. కొలత పట్టడం డెస్ పని. ప్లేటు అంచు మీద బొటనవేలు రాసి, పది, పన్నెండు, ఎనిమిది అని చెప్పేవాడు. సాధనం పెట్టి చూస్తే అంతే ఉండేది, ఒక్కటీ తప్పలేదు. ఎందుకు పన్నెండు అని మాత్రం మేం అడగడం మానేశాం. ఒక పాత ఉత్తరంలో లమీరూ రైతు దొరికాడు. అతని ఫిర్యాదు గింజల పెట్టె మూత గురించి. నికోస్ ఆ ఉత్తరాన్ని గట్టిగా చదువుతుంటే, కింద "మా కుక్క కూడా మీ గొర్రుని చూసి మొరుగుతోంది" అని ఉంది. డెస్ ఆ ఉత్తరాన్ని అడిగి ఇంటికి తీసుకెళ్ళాడు.

శుక్రవారం నాటికి మూడు వందల డెబ్భై నాలుగు డ్రాయింగులకి సాక్ష్యాలు దొరికాయి. ముప్పై ఎనిమిదికి దొరకలేదు. బ్రోన్విన్ ఆ ముప్పై ఎనిమిదినీ జాబితా చేసి, విత్తులకు ముందు వచ్చే ఖాళీ నెలల్లో ఒక్కొక్కటీ పరీక్షించడానికి తేదీలు వేసింది. కేకు కోశారు. చేతులు కలిపారు. నోలీన్ నీలం గౌనులో వచ్చి అందరితో ఫొటో దిగి, కారు దగ్గర ఉంటానని కిందికి వెళ్ళింది.

డెస్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏడు ఆయన ముందే నింపేశాడు. చివరిది లాగుడు కమ్మీ. దాన్ని ఎందుకో పక్కన పెడుతూ వచ్చాడు. నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆయన డ్రాయింగుని తెర మీద పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేశాడు. మూలన డి.కె. అన్న అక్షరాలు, ఇరవై ఏడేళ్ళ కిందటి తేదీ.

"దీన్ని మార్చిన రోజున వాన పడుతోంది," అన్నాడు. "అది మాత్రం నిజం. కాని అది కారణం కాదు కదా."

ఒక్క వేలితో, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు: గుర్తులేదు. డెస్ కోవాల్డ్. పంపమంటారా అని తెర అడిగితే పంపమని నొక్కాడు. పక్క కంప్యూటర్‌లో నా పేరున, నా కొత్త పేరున, ఆమోదం అడుగుతూ చీటీ వచ్చింది. అక్కడికి వెళ్ళి నిలబడే ఆమోదించాను. ఎర్ర అంచు పోయింది.

డెస్ టోపీ పెట్టుకున్నాడు. టేబుళ్ళ మధ్య నుంచి మెల్లగా నడిచి తలుపు దాకా వెళ్ళి, ఏదో తట్టినట్టు ఆగి వెనక్కి తిరిగాడు.

"లాగుడు కమ్మీ సంగతి ఏదో ఒకటి రాయాలి పిల్లా. మర్చిపోకు."

"రాశాం డెస్."

"ఏం రాశాం?"

నికోస్ తల దించుకున్నాడు. నేను ఆయన దగ్గరికి నడిచాను.

"గుర్తులేదని రాశాం."

ఆయన కాసేపు ఆలోచించాడు.

"సరిగ్గానే రాశాం," అని, మెట్లు దిగి వెళ్ళాడు.